తెల్లని నీడ

మన కళాశాల వార్షిక సంచికకు ఒక వ్యాసం ఇవ్వవలసిందిగా సంపాదకవర్గంవారు అడిగినప్పుడు, నన్నయ శబ్దగతిని గూర్చియో, తెలుగులో స్థిరపడిన ఉర్దూ మాటలను గూర్చియో ఏదో ఒకటి వ్రాసి ఇస్తానని వారు అనుకొని ఉంటారు. నేనూ అట్లాగే అనుకొన్నాను. కాని కాగితం ముందు పెట్టుకొని కూర్చున్న మూడు రాత్రులూ నా దృష్టి బీరువా మీద ఉన్న ఒక పెద్ద కవరు మీదికే పోతూ వచ్చింది. అందులో రెండు ఎక్స్‌రే ఫిల్ములు ఉన్నాయి. రెండూ మా అమ్మాయి ఛాతీవే. ఒకదానికీ మరొకదానికీ నడుమ వ్యవధి 30 గంటలు. ఆ 30 గంటలలో నేను ఎట్లా ప్రవర్తించానో వ్రాయనిదే మరేదీ వ్రాయలేనని తోచింది. వైద్యశాస్త్రంలో నాకు పాండిత్యం లేదు. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. అయితే ఆ కవరు ఇంటికి వచ్చిన నాటినుండి తెలిసినవారిని అడిగీ, దొరికిన పుస్తకాలు చదివీ కొంత నేర్చుకొన్నాను. తప్పు చేసినవాడు నేర్చుకొనే చదువులో శ్రద్ధ కొంచెం ఎక్కువగానే ఉంటుంది గదా!

2023 డిసెంబరు మాసం. అమ్మాయికి అప్పటికి నాలుగేండ్లు నిండి రెండు నెలలు. ఒక సోమవారం రాత్రి జ్వరం తగిలింది. కొద్దిగా దగ్గు. దానికంటె ఎక్కువగా అది “అబ్బా, కడుపు నొప్పి” అని ఏడ్చింది. ముందునాడు పెండ్లి విందులో తిన్న బిర్యానీ మీద నేరం మోపి, జీలకర్ర నీళ్ళు త్రాగించి పడుకోబెట్టాము. ఊపిరితిత్తి అడుగుభాగంలో నెమ్ము చేరిన చిన్నపిల్లలు తరచుగా కడుపునొప్పి అనే చెబుతారట. ఛాతీ అడుగుభాగానికీ పొట్ట పైభాగానికీ వెళ్ళే నరాలు ఒకే తావునుండి బయలుదేరుతాయి. బాధ ఒకచోట పుడితే మనస్సుకు మరొకచోట ఉన్నట్లు తోస్తుంది. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. బిర్యానీకి ఏ పాపమూ తెలియదు.

మంగళవారం సాయంత్రం దగ్గరలోని ఒక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాము. ఆయన శ్రద్ధగా పరీక్షించి, ఎందుకైనా మంచిదని ఎక్స్‌రే తీయించాడు. నాలుగు గంటలకు ఫిల్ము చేతికి వచ్చింది. చూచి, “ప్రస్తుతానికి బాగానే ఉంది” అన్నాడు. చీటీ మీద మందులు వ్రాశాడు, క్రింద ‘ఛాతీ ఎక్స్‌రే నార్మల్’ అని వ్రాశాడు. చీటీ వెనుకవైపు మరి రెండు పంక్తులు వ్రాసి, నోటితోనూ చెప్పాడు: ఊపిరి వేగం హెచ్చినా, డొక్కలు ఎగరేసినా, నీళ్ళు త్రాగకపోయినా క్షణం ఆలస్యం చేయక తీసుకొని రమ్మని. ఆయన ధర్మం ఆయన నెరవేర్చాడు. ప్రశ్నపత్రం రెండవ పుట త్రిప్పి చూడలేదని పిల్లలను ఏటేటా మందలించే నేను ఆ చీటీ రెండవ పుట త్రిప్పి చూడలేదు. ‘నార్మల్’ అన్న మూడక్షరాల మాటను మాత్రం తాయెత్తువలె జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చాను.

బుధవారం జొహర్ నమాజు ముగించి మా అమ్మ అమ్మాయి ప్రక్కన కూర్చున్నది. ఏదో చదివి దమ్ చేసింది. అంటే మంత్రపూతమైన ఊపిరిని బిడ్డ మీద ఊదింది. దమ్ అంటే ఊపిరి. తెలుగువాడు దానికి ఒత్తు చేర్చి దమ్ము చేసుకొన్నాడు. ఊదుతూ ఊదుతూ ఆమె ఆగిపోయింది. బిడ్డ గౌను పైకి తీసి కాసేపు నిశ్చలంగా చూచింది. “పస్లీ చల్‌రీ బేటా” అన్నది. పక్కటెముక నడుస్తున్నదని అర్థం.

నేను అర్ధసంవత్సర పరీక్షల జవాబుపత్రాలు దిద్దుతున్నాను. తల ఎత్తకుండానే, “నిన్ననే ఫోటో తీశారమ్మీ, ఏమీ లేదన్నారు” అన్నాను. ఆమె మళ్ళీ అన్నది. నేను లేచి, ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, నాకేదో తెలిసినట్లు చూపించాను. నల్లని రెండు ఊపిరితిత్తులు, నడుమ చిన్న గుండె, చక్కని పక్కటెముకలు. అప్పుడు ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో మ్రోగుతూనే ఉన్నది: “కాగజ్ కూ క్యా దేఖ్‌తా? బచ్చీ కూ దేఖ్.” కాగితాన్ని ఏమి చూస్తావు, బిడ్డను చూడు.

నేను చూడలేదు. ఇంకా 22 పత్రాలు మిగిలి ఉన్నాయి.

మా అమ్మకు ఆ గుర్తు ఎట్లా తెలుసునో నాకు తెలియనిది కాదు. నాకు ముందు ఒక అన్న పుట్టాడు. ఏడాదిన్నర బ్రతికాడు. నల్లమల అంచున మా తాతగారి ఊరిలో ఉండగా వానికీ ఇట్లాగే పక్కటెముకలు నడిచాయట. ఎవరో చెప్పగా ఇనుపచువ్వ కాల్చి డొక్క మీద వాతలు పెట్టించారు. బస్సు మరునాడు గాని లేదు. ఆమె ఈ సంగతి మాకు ఎన్నడూ సాంతంగా చెప్పలేదు. వాతలు పెట్టేటప్పుడు వాని చేతులు తానే పట్టుకొన్నానని మాత్రం ఒకసారి అన్నది.

భాషోపాధ్యాయుణ్ణి గనుక ఈ మాటల దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. మన ఇండ్లలో ‘పస్లీ చల్నా’ అంటారు. తెలుగు ఇండ్లలో ‘డొక్కలెగరేయడం’ అంటారు. జబ్బు పేరు నెమ్ము. అంటే తడి, చెమ్మ. ఛాతీలో చెమ్మ చేరినదని భావం. సూక్ష్మదర్శిని లేని కాలాన ఈ మాటలు కల్పించిన తల్లులు ఎంతటి పరిశీలకులో చూడండి! ప్రపంచ ఆరోగ్య సంస్థవారు గ్రామాలలోని ఆరోగ్య కార్యకర్తలకు నేర్పుతున్న లక్షణాలు కూడా ఇవే. బిడ్డ ఊపిరిని నిండుగా ఒక నిమిషం లెక్కించాలి. రెండు నెలలలోపు శిశువుకు 60, రెండు నెలలనుండి ఏడాదిలోపు 50, ఏడాదినుండి ఐదేండ్లలోపు 40. ఈ సంఖ్యలు గాని, వాటికి మించి గాని ఉంటే అది వేగంగా పీల్చే ఊపిరి క్రింద లెక్క. ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీ అడుగుభాగం లోపలికి పోతున్నదా అన్నది రెండవ పరీక్ష. ఆరోగ్యవంతుడైన బిడ్డ ఊపిరి పీల్చితే ఛాతీ పైకి ఉబుకుతుంది. నెమ్ముతో బిగిసిన ఊపిరితిత్తి సులభంగా విచ్చుకోదు. ఉదరవితానం బలం కొద్దీ క్రిందికి లాగుతుంది. పసిబిడ్డల పక్కటెముకలు ఇంకా మెత్తనివి కాబట్టి ఆ లాగుడుకు లోపలికి వంగుతాయి. తెలుగువారు ‘ఎగరేయడం’ అన్నారు, వైద్యులు ‘లోపలికి పోవడం’ అన్నారు. చూచినది ఒక్కటే. దానికి గడియారం చాలు, కండ్లు చాలు. ఎక్స్‌రే అక్కరలేదు.

మగ్రిబ్ వేళకు అమ్మాయి నీళ్ళగ్లాసును త్రోసివేసింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. పిలిస్తే కండ్లు తెరిచి మళ్ళీ మూసింది. అప్పుడు నేను గడియారం పెట్టి లెక్కించాను. 58. రెండవసారి లెక్కిస్తే 60. ఆటోలో కూర్చొని పోతూ ఉండగా జేబులోనుండి చీటీ తీసి, వెనుకవైపు ఉన్న రెండు పంక్తులను మొదటిసారి చదివాను.

ఆస్పత్రిలో వ్రేలికి ఒక చిన్న క్లిప్పు తగిలించారు. రక్తంలోని ప్రాణవాయువు నూటికి 88 అని చూపించింది. 90కి దిగితే ప్రమాదమని తరువాత తెలిసింది. వెంటనే ఆక్సిజన్ పెట్టారు, నరానికి సూది గుచ్చి మందు ఎక్కించారు. రాత్రి పది గంటలకు మరొక ఎక్స్‌రే తీశారు. డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలు దానిని వెలుగుపెట్టె మీద ఉంచి, నేను తెచ్చిన పాత ఫిల్మును ప్రక్కన పెట్టింది. కుడి ఊపిరితిత్తి అడుగున, నిన్న నల్లగా ఉన్న చోట, ఇప్పుడు తెల్లని ముద్ద. ఉదరవితానం గీత ఆ తెలుపులో కలిసిపోయి ఎక్కడున్నదో కనబడడం లేదు. ఆ తెలుపు నడుమ సన్నని నల్లని కొమ్మలు రెండు మూడు, పొగమంచులో ఆకు రాలిన చెట్టువలె.

“ఇక్కడ నీడ ఉంది సార్” అన్నది ఆమె.

తెల్లగా ఉన్నదానిని నీడ అంటున్నదేమని, అంతటి భయంలోనూ నా బుద్ధి మాట మీదికే పోయింది. పిదప తెలిసింది, ఆమె సరిగానే అన్నదని. కిరణాలు గాలిలో అడ్డం లేకుండా సాగిపోయి ఫిల్మును నల్లబరుస్తాయి. ఎముకగాని, రక్తంగాని, చీముగాని అడ్డం వస్తే అక్కడ కిరణాలు ఆగిపోతాయి. ఫిల్ము తెల్లగానే మిగిలిపోతుంది. వెలుగుకు అడ్డం వచ్చినదాని ఆకృతే గదా నీడ! అయితే ఇది తెల్లని నీడ. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్ట్స్‌బర్గులో రాంట్‌జన్ ఈ కిరణాలను కనుగొన్నాడు. ఆ డిసెంబరులో తన భార్య చేతి ఎముకలను, వ్రేలి ఉంగరంతో సహా, ఇట్లాగే నీడగా పట్టాడు. ఇక ఆ నల్లని కొమ్మలు ఊపిరి గొట్టాలు. చుట్టూ ఉన్న వాయుగోణులన్నీ ద్రవంతో నిండిపోగా, గొట్టాలలో ఇంకా గాలి ఉన్నది కాబట్టి అవి నల్లగా బయటపడ్డాయి. మామూలు వేళ గాలిలో గాలి కలిసి ఉండి అవి కనబడనే కనబడవు.

“మరి నిన్నటి ఫిల్ము తప్పా?” అని అడిగాను. ఎవరిమీదనైనా ఇంత నేరం త్రోసివేయాలన్న ఆశ నా గొంతులో ఉన్నదని ఇప్పుడు ఒప్పుకొంటాను.

“తప్పు కాదు సార్. నిన్నటికి కనబడేటంత ఇంకా చేరలేదు. జబ్బు ముందు వస్తుంది, నీడ వెనుక వస్తుంది” అన్నది.

ఈ మాటను తరువాత చాలాకాలం నెమరువేసుకొన్నాను. ఇంతకూ ఆ తెలుపు ఏమిటి? క్రిములేమో అనుకొన్నాను. క్రిముల గుంపు ఎక్స్‌రేకు కనబడేటంత పెద్దది కాదు. ఆ తెలుపులో అత్యధికభాగం మా అమ్మాయి స్వంత శరీరం అక్కడికి పంపిన సైన్యమే.

పిల్లల నెమ్ముకు కారణమయ్యే బాక్టీరియాలలో ప్రధానమైనది న్యుమోకాకస్. 1881లో ఫ్రాన్సులో పాశ్చరు, అమెరికాలో స్టెర్న్‌బర్గు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే దీనిని కనుగొన్నారు. ఈ క్రిమి ఆరోగ్యంగా ఆడుకొనే పిల్లల ముక్కు లోపల కూడా ఊరకే కాపురం ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు, తరచుగా ఒక జలుబు వెనువెంటనే, లోతుకు జారి వాయుగోణిలో పడుతుంది. అక్కడ కావలి ఉండే మాక్రోఫేజ్ అనే భక్షక కణం దానిని మ్రింగడానికి ప్రయత్నిస్తుంది. క్రిములు కొద్ది అయితే కథ అంతటితో సరి. మనకు తెలియనైనా తెలియదు. ఎక్కువ అయితే ఆ కావలివాడు కేక పెడతాడు. ఆ కేక రసాయనాల రూపంలో ఉంటుంది. చుట్టూ ఉన్న రక్తకేశనాళికల గోడలు ఆ కేకకు సడలుతాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లరక్త కణాలు వేలకు వేలుగా ఆ సందులలోనుండి దూరి వాయుగోణిలోకి దిగుతాయి. వాటితో పాటు రక్తంలోని నీరూ, ఫైబ్రిన్ పోగులూ లోపలికి వస్తాయి. గాలి ఉండవలసిన గది సైన్యంతో నిండిపోతుంది. అదే నెమ్ము. అదే ఆ తెలుపు.

శరీరంలోని రక్తమంతా ఊపిరితిత్తుల మీదుగానే నడుస్తుంది కాబట్టి ఈ సైన్యం అక్కడికి చేరడానికి దూరం లేదు. గుండె కుడిగదినుండి రక్తం ఊపిరితిత్తులలోకి వెళ్ళి, అక్కడ గాలితో కలిసి ఎడమగదికి వస్తుందని మొట్టమొదట వ్రాసినవాడు 13వ శతాబ్దంలో కైరోలో ఉన్న హకీము ఇబ్నుల్ నఫీస్. ఇబ్నెసీనా గ్రంథానికి వ్యాఖ్య వ్రాస్తూ ఈ మాట అన్నాడు. బెర్లిన్‌లో ఉన్న ఆ వ్రాతప్రతిని 1924లో ఒక ఈజిప్టు వైద్యుడు చదివి బయటపెట్టేవరకు లోకం దానిని మరచిపోయింది. వ్యాఖ్యాతలను చిన్నచూపు చూచే మన విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోవాలని నాకు స్వార్థంతో కూడిన కోరిక ఉన్నది.

కణాలు క్రిములను మ్రింగుతాయన్న సంగతి తెలిసిన విధం మరింత విచిత్రం. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు, గాజువలె పారదర్శకంగా ఉండే నక్షత్రచేప డింభకంలో ఒక ముల్లు గ్రుచ్చి రాత్రంతా కాచుకొన్నాడు. తెల్లవారేసరికి ముల్లు చుట్టూ కదిలే కణాలు గుమిగూడి ఉన్నాయి. మన కాలిలో ముల్లు విరిగితే చుట్టూ చీము పట్టదా? ఆ చీమే సైన్యమని ఆయన గ్రహించాడు. ఆ ఊహకు 1908లో నోబెల్ బహుమానం వచ్చింది. అయితే న్యుమోకాకస్ సామాన్యశత్రువు కాదు. చక్కెరవంటి పదార్థంతో నేసిన నున్నని కవచం తొడుక్కొని ఉంటుంది. భక్షక కణానికి పట్టు చిక్కదు. రక్తంలోని ప్రతిరక్షకాలు ఆ కవచానికి అంటుకొని పిడివలె నిలిస్తే గాని పట్టుకోలేదు. రెండేండ్లలోపు బిడ్డల శరీరానికి ఇటువంటి కవచాలను గుర్తించి ప్రతిరక్షకాలను చేసే నేర్పు బాగా తక్కువ. నెమ్ము పసిబిడ్డలను ఎక్కువగా తీసుకొనిపోవడానికి ఇదొక ముఖ్యకారణం.

యుద్ధభూమి మారే తీరును ఎక్స్‌రే పుట్టకముందే చూచినవారున్నారు. 1819లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్, నెమ్ముతో మరణించినవారి ఊపిరితిత్తులు కోసి చూచి, దూదివలె తేలికగా ఉండవలసిన ఆ అవయవం కాలేయంవలె గట్టిబడి ఉండడం వర్ణించాడు. మొదట ఎర్రని గట్టిదనం. రక్తకణాలు కూడా చేరి ఉంటాయి. పిదప బూడిదరంగు గట్టిదనం. ఎర్రకణాలు చితికి, తెల్లకణాలూ పోగులూ మిగులుతాయి. బ్రతికినవారిలో ఆ మీదట మాక్రోఫేజులు మళ్ళీ వచ్చి చచ్చిన సైనికులను, తెగిన పోగులను మ్రింగి గదులు శుభ్రం చేస్తాయి. చిత్రమేమిటంటే, ఎన్ని గదులు నిండినా చాలా సందర్భాలలో గోడలు మాత్రం కూలవు. ఊపిరితిత్తి మళ్ళీ ఎప్పటివలె అవుతుంది. ఒక్కొక్కప్పుడు యుద్ధం హద్దు మీరుతుంది. ఊపిరితిత్తి పొర నడుమ చీము నిలిచి, గొట్టం పెట్టి తీయవలసి వస్తుంది. సైన్యం ఎక్కువైనా ఊరికి ప్రమాదమే.

మా అమ్మాయికి అల్లా దయవల్ల అంతవరకు రాలేదు. రక్తపరీక్షలో సి.ఆర్.పి. అనే పదార్థం చాలా హెచ్చుగా ఉన్నదన్నారు. ఈ రోజులలో ఏ జ్వరానికైనా వ్రాసే ఆ పరీక్ష పుట్టింది కూడా నెమ్ములోనే. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు, నెమ్ము రోగుల రక్తంలో న్యుమోకాకస్ తాలూకు ‘సి’ అనే పదార్థాన్ని పట్టుకొనే ఒక ప్రోటీనును చూచారు. పేరు అట్లా వచ్చింది. వాయుగోణిలో పుట్టిన కేక రక్తంలో పడి కాలేయానికి చేరితే, కాలేయం దానిని తయారుచేస్తుంది. అయితే ఏ క్రిమి అన్నది మాత్రం తేలలేదు. రక్తాన్ని పెంపకానికి పంపారు, ఏదీ మొలవలేదు. ఎక్కువమంది పిల్లల విషయంలో ఇంతేనట. ఫిల్ము చూచి ఇది బాక్టీరియా, ఇది వైరసు అని కచ్చితంగా విడదీయడం ఎంతటివారికీ సాధ్యం కాదని కూడా ఆ వైద్యురాలు చెప్పింది. ఒక తమ్మె అంతా తెల్లబడి, జ్వరం తీవ్రంగా ఉండి, సి.ఆర్.పి. హెచ్చితే బాక్టీరియా అని ఊహించి మందు ఇస్తారు. ఊహే. చీటీ మీది ఒక్క మాటను వేదవాక్యంగా పట్టుకొన్న నాకు, శాస్త్రజ్ఞులు ఇంత వినయంగా మాట్లాడతారని తెలియడం ఒక చదువు.

ఇచ్చిన మందు పెన్సిలిన్ వంశంలోనిది. 1928లో ఫ్లెమింగు చూచిన బూజుకు మునిమనుమరాలు అనుకోవచ్చు. ఈ సందర్భంలో మనవాడు ఒకాయనను తలచుకోకపోతే కృతఘ్నత. రాంట్‌జన్ కిరణాలు వెలువడిన 1895లోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలను నడిపించారు. అక్కడ ఆయన పర్యవేక్షణలో డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో అది లోకానికి వెల్లడైంది, నెమ్ముకూ పనిచేసింది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కన్నుమూశారు.

మూడవనాడు జ్వరం దిగింది. ఆక్సిజన్ తీసివేశారు. నాలుగవనాడు అమ్మాయి నర్సమ్మతో దెబ్బలాడి గాజులు మార్చుకొన్నది. ఆ రోజుననే వైద్యురాలు నన్ను టీకాల కార్డు అడిగింది. న్యుమోకాకస్ టీకాను మన దేశపు సార్వత్రిక టీకాల కార్యక్రమంలో 2017లో కొన్ని రాష్ట్రాలలో మొదలుపెట్టి, 2021లో దేశమంతటా విస్తరించారు. మన రాష్ట్రానికీ అప్పుడే వచ్చింది. ఆరు వారాలకు, పదునాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఉచితంగా వేస్తారు. మా అమ్మాయి 2019లో పుట్టినది. అది రాకముందే శైశవం దాటింది. డబ్బు ఇచ్చి ప్రైవేటుగా వేయించవచ్చునని అప్పట్లో ఎవరో అన్నారు. సూదికి వేల రూపాయలని విని ఊరకున్నాను. ఏ క్రిమియో తేలలేదు కాబట్టి టీకా ఉంటే ఈ జబ్బు వచ్చేదే కాదని ఎవరూ చెప్పలేరు. రాకపోయేదేమో అన్న సందేహం మాత్రం నాది, అది నన్ను విడిచిపోదు. ఈ టీకా యుక్తి చాలా అందమైనది. పసిబిడ్డ శరీరం ఒంటరిగా గుర్తించలేని చక్కెర కవచాన్ని ఒక ప్రోటీనుకు ముడివేసి ఇస్తారు. ప్రోటీనును శరీరం సులభంగా గుర్తిస్తుంది. దానితో ముడిపడిన కవచాన్నీ జ్ఞాపకం పెట్టుకొంటుంది. కొత్తమాటను పాతపాటలో కలిపి పిల్లలకు నేర్పడం మనం చేసే పనే గదా!

2019లో ప్రపంచంలో ఐదేండ్లలోపు పిల్లలు సుమారు 7 లక్షల 40 వేల మంది నెమ్ముతో మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన విద్యార్థులలో చాలామంది ఇండ్లలో చిన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, అక్కల బిడ్డలు ఉన్నారు. ఇంటిలో చదువుకొన్నది మీరే అయి ఉంటారు. చీటీలు చదవడానికి మిమ్ములనే పిలుస్తారు. అందుచేతనే ఈ లెక్కలన్నీ ఇక్కడ వ్రాశాను: 60, 50, 40. లెక్కించేటప్పుడు బిడ్డ ఏడవకుండా ఉండాలి, నిమిషం నిండుగా ఉండాలి.

ఆరు వారాల తరువాత ఒకసారి చూపించడానికి వెళ్ళాము. అమ్మాయి మెట్లు ఎక్కి దిగుతూ ఆడుతున్నది. “ఇంకొక ఎక్స్‌రే తీస్తే బాగుంటుందేమో, నీడ పోయినదో లేదో” అన్నాను. వైద్యురాలు స్టెతస్కోపు పెట్టి విని, ఊపిరి లెక్కించి, “అక్కరలేదు సార్” అన్నది. బిడ్డ కోలుకొన్న తరువాత కూడా ఆ తెలుపు కొన్ని వారాలు ఉండవచ్చునట; ఊడ్చేవాళ్ళు ఇంకా ఊడుస్తూ ఉంటారు. ఒకసారి ఫిల్ము తీస్తే తగిలే కిరణాలు కొద్దిరోజులలో ప్రకృతినుండి సహజంగా తగిలేవాటికి మించవని, భయపడవలసింది లేదని చెబుతూనే, అవసరం లేని ఫిల్ము తీయనని ఖండితంగా చెప్పింది. జ్వరమో, దగ్గో, ఆయాసమో తిరగబెడితే అది వేరే మాట.

నేను ఇంకా ఏదో అడగబోతున్నాను. వెనుక బెంచీ మీద కూర్చొన్న మా అమ్మ, సంభాషణ తెలుగులో సాగుతున్నందున సగమే అర్థమై, “క్యా బోల్‌రే డాక్టరమ్మా?” అన్నది. ఫోటో వద్దంటున్నారమ్మీ అన్నాను. ఆమె బిడ్డను దగ్గరకు పిలిచి, గౌను సరిచేసే నెపంతో డొక్క మీద అరచేయి పెట్టి, కొంతసేపు అట్లాగే ఉంచింది.

ఫిల్ములు రెండూ ఆ కవరులోనే ఉన్నాయి. చీటీ కూడా అందులోనే పెట్టాను, వెనుకవైపు పైకి కనబడేటట్లు.